ఐర్లాండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో పాత మేనేజర్ తిరిగొస్తే జట్టు నిజంగా బాగుపడుతుందా?

బాగుపడుతుంది. డొనెగాల్‌నే చూడండి. ఐర్లాండ్ వాయవ్య మూలనున్న ఈ కౌంటీకి (మన జిల్లా లాంటిది) 2012లో ఆల్-ఐర్లాండ్ కప్పు తెచ్చిపెట్టిన జిమ్ మెగిన్నిస్ 2014లో తప్పుకున్నారు. 2023లో జట్టు లీగ్ మొదటి డివిజన్ నుంచి కిందికి జారింది. మేనేజర్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయారు. ఆ ఆగస్టులో మెగిన్నిస్‌ను మళ్లీ పిలిచారు.

ఈ ఆటలో కౌంటీ ఆటగాళ్లకు జీతాలుండవు, బయటి నుంచి స్టార్లను కొనుక్కునే వీలూ లేదు. ఉన్న కుర్రాళ్లతోనే నెగ్గాలి. అందుకే మేనేజర్‌కి అంత విలువ.

ఆయన పేరు కంటే హోంవర్కే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. 2024 ఏప్రిల్‌లో పొరుగు కౌంటీ డెర్రీతో మ్యాచ్ చూస్తే తెలిసిపోతుంది. డెర్రీ గోల్‌కీపర్ గోల్ వదిలి బాగా ముందుకొచ్చి ఆడతాడు. డొనెగాల్ వాళ్లు బంతి చేజిక్కగానే దూరం నుంచే అతని వెనకున్న ఖాళీ గోల్‌లోకి కొట్టారు. ఆ రోజు మొత్తం 4 గోల్స్. ఒక్కో గోల్‌కి 3 పాయింట్లు. అప్పటి చాంపియన్ డెర్రీ, ఉత్తర ప్రాంత కౌంటీల టోర్నీ అయిన అల్‌స్టర్ నుంచి అవుటైంది.

డొనెగాల్ 2024లో, మళ్లీ 2025లో అల్‌స్టర్ గెలిచింది. రిటైరైన పాత కెప్టెన్ మైకేల్ మర్ఫీ కూడా 2025లో తిరిగొచ్చాడు. అయినా ఆ ఏడాది ఆల్-ఐర్లాండ్ ఫైనల్లో కెర్రీ 10 పాయింట్ల తేడాతో ఓడించింది.