క్యాన్సర్ వార్డుకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

విజయవాడలో క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. ఎంత పొంగిపోయానో! ఆ వెంటనే బెంగా పట్టుకుంది.

చేతులు కడుక్కోవడం, మందు పేరు రెండుసార్లు చూసుకోవడం నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నా భయమల్లా మగతగా పడుకున్న పేషెంటు గురించే.

నేను గుంటూరులో డ్యూటీ చేసే రోజుల్లో, రోహిణీ కార్తెలో ఒకావిడను తెచ్చారు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. తీరని దాహం, మాటిమాటికీ ఒంటేలు, వాంతులు, రోజుల తరబడి మోషన్ లేదు. పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేది. ఎండదెబ్బ అనుకున్నారు ఇంటివాళ్ళు. ఎముకలకు బలమని క్యాల్షియం బిళ్ళలు కూడా మింగిస్తున్నారు, పాపం. రిపోర్టులో క్యాల్షియం 10.4. ఫర్వాలేదన్నాడు డ్యూటీ డాక్టరు. ఆ కిందే అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) 2 అని ఉంది, దాన్ని పట్టించుకోలేదు. రక్తంలో క్యాల్షియం సగానికి కాస్త తక్కువ భాగం ప్రోటీన్లని, ముఖ్యంగా అల్బుమిన్‌ని అంటుకుని తిరుగుతుంది. అల్బుమిన్ పడిపోతే మొత్తం అంకె చిన్నదిగా కనిపిస్తుంది, ఒంట్లో పనిచేసే క్యాల్షియం మాత్రం ఎక్కువే ఉంటుంది. అల్బుమిన్ 4 కంటే ఎన్ని గ్రాములు తగ్గితే, గ్రాముకు 0.8 చొప్పున కలుపుకోవాలి. అంటే ఆవిడది 12! ఆ దాహం, ఆ మగత అన్నీ పెరిగిన క్యాల్షియం వల్లే. పొద్దున రౌండ్సులో పెద్ద డాక్టరు ఆ లెక్క వేసేదాకా సెలైన్ మొదలవలేదు. తర్వాత క్యాల్షియం తగ్గించే మందు, జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కించారు. అది పనిచెయ్యడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందుకే వృథాగా పోయిన ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చివరికి తేరుకుని కూతుర్ని పేరు పెట్టి పిలిచింది, తల్లి. అయనైజ్డ్ క్యాల్షియం (దేన్నీ అంటుకోకుండా విడిగా ఉన్న క్యాల్షియాన్ని కొలిచే పరీక్ష) చేసే వీలుంటే చేయిద్దామని డాక్టరుని అడుగు, అది లెక్క కన్నా నమ్మకం.

లుకేమియా, లింఫోమా వాళ్ళకి మొదటి కీమో పడ్డాక దీనికి తలకిందులుగా జరగొచ్చు. క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలి ఫాస్ఫేట్, పొటాషియం, యూరిక్ ఆసిడ్ పెరుగుతాయి, క్యాల్షియం పడిపోతుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళు కొంకర్లు అంటే నీరసమని సర్దిచెప్పకు. వెంటనే డాక్టర్ని పిలువు, గుండె లయ తప్పొచ్చు. కసిరితే కసరనీ, రెండోసారి కూడా పిలువు. నువ్వు చిన్నప్పట్నుంచీ మొహమాటస్తురాలివి, అదే నా దిగులు.

సెలవు దొరికితే గుంటూరు రా. గోంగూర పచ్చడి చేసి ఉంచుతా, రిపోర్టుల మీద ఆ అల్బుమిన్ లెక్క నీచేత చేయించి పంపుతా.

మీ అత్త