ఒంటరిగా ఆరుబయట షూట్‌లకు వెళ్లే ఫొటోగ్రాఫర్ ఎలాంటి లైట్ స్టాండ్ తీసుకోవాలి?

సహాయకుడు లేకుండా ఒక్కరే ఆరుబయట పోర్ట్రెయిట్లు తీస్తారని, దాదాపు 2 కిలోల బ్యాటరీ ఫ్లాష్‌కు 90 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ (వెలుతురును మెత్తబరిచే ఎనిమిది పలకల గుడ్డ సాఫ్ట్‌బాక్స్) తగిలించి వాడతారని, సామాను మీరే మోసుకోవాలి కనుక దొరికినవాటిలో అన్నిటికంటే తేలికైన స్టాండ్ పేరు చెప్పమని అడిగారు. కెమెరా ట్రైపాడ్‌తోనే సరిపెట్టుకోవచ్చా అని కూడా చివర అడిగారు. స్టూడియోలో కంటే బయటే ఎక్కువ కాలం పని చేసినవాడిగా నా అభిప్రాయం ఇది: తేలికైన స్టాండ్ కొనడంలో తప్పేమీ లేదు గానీ, దాని కాలికి వేలాడదీసే బరువును కూడా స్టాండ్‌లో భాగంగానే లెక్కపెట్టుకోవాలి. ఆ బరువును ఇంటి నుంచి మోసుకెళ్లాలా, షూట్ జరిగే చోటే సంపాదించుకోవాలా అన్నది ముందు తేల్చుకుంటే, ఏ స్టాండ్ కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

చాలామంది స్టాండ్ కొనేటప్పుడు చూసేది, అది ఎన్ని కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసిన అంకె. నిటారుగా నిలబడిన స్టాండ్ మీద నేరుగా కిందికి పడే బరువుకు సంబంధించిన అంకె అది. మీ ఫ్లాష్, ఆక్టాబాక్స్ కలిపి 3 కిలోలకు మించవు కనుక 4 కిలోలో 5 కిలోలో మోస్తుందని రాసిన ఏ స్టాండ్ అయినా ఆ లెక్కన సరిపోతుంది. కానీ ఆరుబయట స్టాండ్లు బరువు మోయలేక కూలిపోవు, గాలి పక్క నుంచి నెట్టడం వల్ల ఒరిగి పడిపోతాయి. పక్క నుంచి వచ్చే ఆ తోపు గురించి పెట్టె మీద ఒక్క ముక్క కూడా ఉండదు.

ఆ తోపు ఎంతో కాగితం మీద లెక్క వేసి చూడవచ్చు. 90 సెంటీమీటర్ల ఆక్టాబాక్స్ ముఖం వైశాల్యం సుమారు 0.64 చదరపు మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి దానికి ఎదురుగా తగిలితే దాదాపు 1.2 కిలోల బరువుతో నెట్టినట్టు ఉంటుంది. వినడానికి ఇది చిన్న సంఖ్యే, కానీ ఆ తోపు నేలకు 2.2 మీటర్ల ఎత్తున పనిచేస్తోంది. ఇటు స్టాండ్ కాళ్లు 1 మీటరు వ్యాసంలో విచ్చుకున్నాయనుకుంటే, రెండు కాళ్ల మధ్య దిశలో ఒరిగేటప్పుడు మధ్య కడ్డీ నుంచి ఒరిగే అంచుకు ఉన్న దూరం కేవలం 25 సెంటీమీటర్లు. దాదాపు తొమ్మిది రెట్ల తేడా. అంటే ఆ 1.2 కిలోల తోపును ఆపడానికి స్టాండ్ మధ్యలో దాదాపు 10.5 కిలోల బరువు ఉండాలి. ఫ్లాష్, ఆక్టాబాక్స్, స్టాండ్ అన్నీ కలిపి మీ దగ్గర ఉన్నది 4.5 కిలోలు. మిగతా 6 కిలోలు మీరే చేర్చాలి. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది కనుక, గంటకు 36 కిలోమీటర్ల గాలిలో ఇదే స్టాండ్ నిలబడాలంటే మధ్యలో 40 కిలోలకు పైగా బరువు కావాలి. అంత బరువు ఒంటరిగా మోసుకుని ఎవరూ షూట్‌కు వెళ్లరు, వెళ్లనక్కరలేదు కూడా.

ఎందుకంటే బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. గాలి వచ్చే వైపుకు ఒక కాలు ఉండేలా స్టాండ్‌ను తిప్పి, ఇసుక సంచిని ఆ కాలి మీద నడుమ భాగంలో వేస్తే, ఒరిగే అంచు నుంచి దాని దూరం 25కు బదులు 50 సెంటీమీటర్లు అవుతుంది, అప్పుడు 6 కిలోలు చేసే పనిని 3 కిలోలే చేస్తాయి. గాలి దిశ మారకుండా ఒకే వైపు నుంచి వీస్తున్నప్పుడు ఇంకో పద్ధతి కూడా ఉంది: గాలి వెళ్లే వైపుకు ఒక కాలు చాచి ఉంచితే అసలు ఒరగడమే కష్టమవుతుంది. ముందుకు బరువు వేలాడే పెద్ద సాఫ్ట్‌బాక్స్ పెట్టినప్పుడు ఒక కాలు దాని కిందికే రావాలని పాతవాళ్లు చెప్పేది కూడా ఈ కారణంతోనే.

సంచి వేసే తీరులో ఒక చిన్న విషయం ఉంది, బాగా పని తెలిసినవాళ్లు కూడా దాన్ని పట్టించుకోరు. సంచి అడుగు నేలకు ఆని ఉంటే దాని బరువును నేలే మోస్తుంది, స్టాండ్‌కు దానివల్ల లాభమేమీ లేదు. సంచి రెండు అరలూ కాలికి అటూ ఇటూ పడి, అడుగు నేలకు రెండు వేళ్ల ఎత్తున తేలుతూ ఉండాలి. అలాగని మధ్య కడ్డీకి పొడవాటి తాడుతో వేలాడదీస్తే గాలికి అదే ఊగుతూ స్టాండ్‌ను కూడా ఊపుతుంది. నేను ఖాళీ సంచిని మడిచి బ్యాగులో పెట్టుకుంటాను, వెళ్లిన చోట మట్టి, రాళ్లు, లేకపోతే నీళ్ల సీసాలు నింపుతాను. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కనుక అంచనా సులువు. కార్బన్ ఫైబర్ స్టాండ్ల మీద నాకు పెద్ద మోజు లేకపోవడానికి కారణం కూడా ఇదే: అర కిలో తగ్గించుకోవడానికి బోలెడు ఖర్చు పెట్టి, ఆ తర్వాత అదే స్టాండ్ మీద ఆరు కిలోల ఇసుక వేయడం ఏం లెక్కో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గాలి వేగం కొలిచే పరికరం అవసరం లేదు, చెట్లను చూస్తే చాలు. బ్యూఫోర్ట్ కొలమానం ప్రకారం ఆకులు, సన్నని రెమ్మలు ఆగకుండా కదులుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్టు. దుమ్ము, కాగితాలు పైకి లేస్తుంటే 20 నుంచి 28. చిన్న చెట్లు ఊగడం మొదలైతే 29 నుంచి 38. దుమ్ము లేచే దశ రాగానే నేను ఆక్టాబాక్స్ తీసేసి ఫ్లాష్‌కు గిన్నెలాంటి చిన్న రిఫ్లెక్టర్ డిష్ మాత్రమే ఉంచుతాను. నీడల అంచులు గట్టిపడతాయి, నిజమే, కానీ మనిషిని గోడ నీడలోకో చెట్టు నీడలోకో జరిపితే ఆ గట్టితనం చాలావరకు సర్దుకుంటుంది. వెలుతురు కోసం వాడే ఫొటో గొడుగు మాత్రం పెట్టకండి, గాలి విషయంలో ఆక్టాబాక్స్ కంటే అదే తుంటరిది. లోపలి వైపు గాలి పట్టిందంటే పుల్లలు వెనక్కి తిరిగిపోతాయి. తప్పనిసరిగా పెద్ద సాఫ్ట్‌బాక్స్‌తోనే తీయాల్సి వస్తే, స్టాండ్ పై భాగానికి తాడు కట్టి గాలి వచ్చే వైపు నేలలో మేకు దిగ్గొట్టి బిగించండి. తోపు తగిలే ఎత్తులోనే తాడు కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి ఏ ఇసుక సంచీ దానికి సాటి రాదు. ఆ తాడుకు ఎవరి కాలూ తగలకుండా రంగు గుడ్డ ఒకటి కట్టడం మరచిపోవద్దు.

ఇక స్టాండ్ విషయానికి వస్తే, గరిష్ఠ ఎత్తు 2.6 నుంచి 2.8 మీటర్లు ఉన్నది తీసుకుని దాన్ని 2.2 మీటర్ల దగ్గరే వాడటం మంచిది. నిలబడిన మనిషికి కాస్త పై నుంచి వెలుతురు పడాలంటే ఆ ఎత్తు సరిపోతుంది, పైనున్న అతి సన్నని గొట్టాన్ని చాలావరకు లోపలే ఉంచవచ్చు. స్టాండ్ ఊగేది ఆ సన్న గొట్టం వల్లే. అందుకే ఎత్తు పెంచేటప్పుడు అన్నిటికంటే లావుపాటి భాగాన్ని ముందు తెరిచి, సన్నదాన్ని చివరికి వదిలేయాలి. కాళ్లను కూడా సగం సగం విప్పకుండా, కాళ్లను మధ్య కడ్డీకి కలిపే అడ్డ పట్టీలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా విప్పాలి, అప్పుడే వాటి విస్తీర్ణం గరిష్ఠంగా ఉంటుంది. కొనే ముందు స్టాండ్‌ను అలా నిలబెట్టి టేపుతో కొలవండి. వ్యాసం 1 మీటరు కంటే బాగా తక్కువ వస్తే ఆ స్టాండ్ మీ ఆక్టాబాక్స్‌కు పనికిరాదు, పెట్టె మీద ఎన్ని కిలోలని రాసి ఉన్నా సరే.

కాళ్లు వెనక్కి, అంటే పైకి మడుచుకునే చిన్న స్టాండ్ల గురించి తప్పకుండా వినే ఉంటారు. మాన్‌ఫ్రోటో నానో అలాంటిదే, మడిస్తే అర మీటరు లోపే ఉంటుంది, వీపు బ్యాగులో ఇట్టే పట్టేస్తుంది. కెమెరా మీద పెట్టే చిన్న స్పీడ్‌లైట్‌కు అవి చాలా బాగుంటాయి. వెనక నుంచి జుట్టు మీద వెలుతురు వేయడానికి నేను ఇప్పటికీ అలాంటిదే వాడతాను. మీ ఆక్టాబాక్స్‌కు మాత్రం వద్దు. సినిమా సెట్లలో వాడే బరువైన స్టీల్ సి-స్టాండ్ గట్టితనంలో అన్నిటికంటే మిన్న, కానీ ఒక్కటే 5 కిలోలు దాటుతుంది కనుక వాహనం పక్కనే నిలిపి పని చేసేవాళ్లకే అది.

గొట్టాల లోపలి కుషనింగ్‌లో ఎయిర్, స్ప్రింగ్ అని రెండు రకాలు ఉంటాయి. గొట్టాన్ని బిగించే నాబ్ వదిలేసినప్పుడు లైటు దభీమని కిందికి జారకుండా ఆపడం వాటి పని. ఎయిర్ రకం గాలిని మెల్లగా వదులుతూ దిగుతుంది, స్ప్రింగ్ రకం వేగంగా దిగి చివర్లో దెబ్బను మాత్రం తగ్గిస్తుంది. ఒంటరిగా పని చేసేవారికి ఎయిర్ రకమే మేలు, ఒక చేయి ఎప్పుడూ కెమెరా మీదే ఉంటుంది కదా. అయినా నాబ్ వదిలే ముందు రెండో చేత్తో పై గొట్టాన్ని పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

అన్నిటికంటే తక్కువ మంది చూసేది స్టాండ్ కొన. అక్కడ ఉండేది 16 మిల్లీమీటర్ల పిన్, అంటే 5/8 అంగుళం. దాని చివర సాధారణంగా 1/4 అంగుళం మర గానీ 3/8 అంగుళం మర గానీ ఉంటుంది. పిన్ నడుమ చుట్టూ ఒక గాడి కనిపిస్తుంది. ఫ్లాష్ బ్రాకెట్ పక్కనున్న మరచీల సరిగ్గా ఆ గాడిలో దిగాలి. దిగిందో లేదో తెలుసుకోవడానికి, బిగించిన తర్వాత బ్రాకెట్‌ను పైకి లాగి చూడండి. చీల గాడిలో ఉంటే కాస్త సడలినా బ్రాకెట్ పైకి ఊడిరాదు, గాడికి పైన బిగిస్తే ఒక్క గట్టి గాలికి ఫ్లాష్‌తో సహా ఎగిరిపోతుంది. బ్రాకెట్ ప్లాస్టిక్‌ది కాకుండా లోహంతో చేసినదై ఉండాలి, వంపు దగ్గర పళ్ల చక్రం ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే రెండు నున్నని ముఖాలు ఒరుసుకుని ఆగే బ్రాకెట్లు ఆక్టాబాక్స్ బరువుకు గంటలోపే తల వంచేస్తాయి.

మెట్లు, వాలు నేలలు ఎదురైతే ఒక కాలు విడిగా పొడుగయ్యే స్టాండ్ ఎంతో ఉపయోగం. అలాంటిది లేకపోతే స్టాండ్‌నే పక్కన పెట్టి, ఏ రెయిలింగ్‌కో కొమ్మకో సూపర్ క్లాంప్ (గొట్టాలను కరిచి పట్టే లోహపు పట్టు) బిగించి ఫ్లాష్‌ను దానికే తగిలించడం నయం. మాన్‌ఫ్రోటో 035 రకం 13 నుంచి 55 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాలను పట్టుకుంటుంది, 15 కిలోల దాకా మోస్తుంది, జేబులో పడుతుంది. వంకరగా నిలబడిన స్టాండ్ కాలి కింద రాళ్లు పేర్చడం మాత్రం ఎప్పుడూ చేయవద్దు.

గాలి సంగతి ఇంతసేపు చెప్పాను గానీ, జనం తిరిగే చోట స్టాండ్‌కు గాలికంటే పెద్ద ప్రమాదం మనుషులే. పిల్లలు పరుగెత్తే వైపు కాలు చాచి ఉంచకండి. పైన కరెంటు తీగలు ఉన్నాయేమో చూడకుండా లోహపు స్టాండ్‌ను ఎత్తకండి. చాలా బహిరంగ స్థలాల్లో కెమెరాకు అభ్యంతరం చెప్పనివారు స్టాండ్ నేల మీద పెట్టగానే అనుమతి పత్రం అడుగుతారు కాబట్టి ఆ సంగతి ముందే కనుక్కోండి. పక్కన ఎవరైనా స్నేహితుడు ఉంటే మోనోపాడ్ (ఒంటికాలి కెమెరా కర్ర) చివర ఫ్లాష్ తగిలించి అతని చేతికివ్వడం కంటే మంచి స్టాండ్ లేదు. చెబితే వింటుంది, గాలి వస్తే తనే సర్దుకుంటుంది, కాకపోతే మధ్యమధ్యలో టీ అడుగుతుంది.

సముద్రతీరంలో వాడితే ఆ రోజే అన్ని గొట్టాలూ బయటికి లాగి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే మడవండి. కాలర్ (గొట్టాలు కలిసే చోట ఉండే బిగింపు కట్టు) లోపల చిక్కిన ఒక్క ఇసుక రేణువు గొట్టం పొడవునా గీత పెడుతుంది. నాబ్‌లను రెండు వేళ్ల బలంతో బిగిస్తే చాలు, ఇంకా జారుతుంటే బలం పెంచకుండా కాలర్‌ను పరిశీలించండి. ప్లాస్టిక్ కాలర్ మీద వెంట్రుకవాసి చీలిక కంటికి కనిపించదు, గోరు పెట్టి చుట్టూ గీరితే తగులుతుంది.

కెమెరా ట్రైపాడ్‌తో సరిపెట్టుకోవచ్చు, కొంతవరకు. తల భాగం తీసేస్తే దాదాపు అన్ని గట్టి ట్రైపాడ్‌లకూ 3/8 అంగుళం మర ఉంటుంది, దాని మీద 16 మిల్లీమీటర్ల స్పిగాట్ (స్టాండ్ కొనలోని పిన్ లాంటి విడి ముక్క) ఒకటి బిగిస్తే ఫ్లాష్ బ్రాకెట్ కూర్చుంటుంది. మూడు కాళ్లూ వేర్వేరుగా సర్దుకునే వీలుండటం వల్ల రాళ్ల మీద, వాలు మీద అది లైట్ స్టాండ్ కంటే బాగా నిలుస్తుంది. లోపమల్లా ఎత్తు: చాలా ట్రైపాడ్‌లు 1.6 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి, మధ్య కడ్డీ పైకి లాగితే గట్టితనం పోతుంది. కూర్చున్న మనిషికి ఆ ఎత్తు చాలు, నిలబడినవారికి చాలదు. మీరు తీసే పోర్ట్రెయిట్లలో ఎక్కువ భాగం కూర్చున్నవే అయితే ముందు స్పిగాట్, లోహపు బ్రాకెట్, ఖాళీ ఇసుక సంచి కొనుక్కుని కొంతకాలం పని చేయండి, స్టాండ్ కొనడం ఆ తర్వాత చూసుకోవచ్చు.