ఆయన దీపాలు చూశారు, సరే. మాత్రలెందుకు మానాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా వేంపల్లె దగ్గర పల్లె. నాకు 47 ఏళ్ళు, మా ఆయనకు 53. ఐదెకరాల చీనీ తోట ఉంది. రెండేళ్ళ కిందట తెల్లవారుజామున మోటారు వేయడానికి పోయినవాడు పరుగున ఇంటికొచ్చి మమ్మల్ని లేపినాడు. పడమటి పక్క ఆకాశంలో దీపాలు ఒక్కొక్కటే ఉన్నట్టుండి వెలిగి, ఒకదాని వెనక ఒకటి చప్పుడు లేకుండా తూర్పుకు పోయినాయంట. మేం బయటికొచ్చేసరికి ఏమీ లేదు. అనంతపురంలో బీటెక్ చదివే మా అబ్బాయి అప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ‘రాత్రి ఏం తాగినావు నాయనా?’ అని నవ్వినాడు. ఆయన తాగడు. నేనూ నవ్వినాను. ఆ మాట ఊరంతా పాకి, పిల్లోళ్ళు ఆయన్ను ‘ఏలియన్ మామ’ అని పిలుస్తున్నారు.

అప్పటినుంచి రాత్రి ఒంటిగంట దాకా సెల్లులో వీడియోలే. చంద్రుడి మీదికి ఎవరూ పోలేదంటాడు, అమెరికావాళ్ళు ఏలియన్లను దాచిపెట్టినారంటాడు. షుగరు అనే జబ్బే లేదు, మందుల కంపెనీలు పుట్టించినాయని చెప్పి నాలుగు నెలలుగా మాత్రలు మానేసినాడు. ఇప్పుడు ఒక వాట్సాప్ గ్రూపువాళ్ళు అనంతపురంలో లాడ్జికి పిలిచి ఒక రాగి చెంబు చూపించినారంట. ఆకాశం నుంచి పడిన లోహం కలిసిందంట, బియ్యం గింజలు తమంతట తామే దానికి అంటుకున్నాయంట. నాసావాళ్ళు కోట్లిచ్చి కొంటారని చెప్పినారు. ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చినాడు. ఆ గింజలు కొన్ని పొట్లం కట్టి తెచ్చి దేవుడి గూట్లో పెట్టినాడు. టెస్టింగ్ చార్జీకి ఇంకో రెండు లక్షలు కావాలంట, నా నగలు అడుగుతున్నాడు. కొడుకు ఫోన్ చేస్తే గొడవే. మా అన్న మాట ఒక్కటే కొంచెం వింటాడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, మీరు ఒకే బాధగా రాసినదాంట్లో నాకు మూడు వేర్వేరు గొడవలు కనిపిస్తున్నాయి. మాత్రలు, డబ్బు, ఆకాశం. మొదటి రెండూ ఈ వారమే తేలాలి. మూడోది ఎప్పటికీ తేలకపోయినా సంసారం సాగుతుంది. మీ ఇంట్లో మాత్రం గొంతు చించుకుంటున్నది మూడోదాని గురించే.

ముందు షుగర్. ఏలియన్లు ఉన్నారని నమ్మితే ఎవరి కిడ్నీలూ పాడవవు, మాత్రలు మానితే పాడవుతాయి. షుగర్ పెరిగినా మొదట్లో నొప్పి తెలియదు. అందుకే ‘మానేసి నాలుగు నెలలైంది, నాకేమైంది?’ అనే ధైర్యం వస్తుంది. ఈలోగా కళ్ళు, కిడ్నీలు, పాదాల్లో స్పర్శ దెబ్బతింటూ ఉంటాయి. మీ ఆయన తోటలో తిరిగే మనిషి. చీనీ ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియక, చీము పట్టాక గానీ చూసుకోకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు.

కంపెనీల గురించి ఆయనతో వాదన పెట్టుకోకండి. మందుల కంపెనీలు లాభం చూసుకుంటాయన్నది అబద్ధమేమీ కాదు, ఆ ముక్క ఒప్పేసుకోండి. ‘జబ్బు లేదంటున్నావు కదా, చూద్దాం పద’ అనండి. పరగడుపున రక్తపరీక్షతోపాటు హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి. అది గత రెండు మూడు నెలల సగటు చెప్తుంది కాబట్టి ముందురోజు నోరు కట్టేసుకుంటే మారేది కాదు. ఇంట్లోకి గ్లూకోమీటర్ కొంటే ఇంకా మంచిది. వేలు ఆయనది, రక్తం ఆయనది, అంకె ఆయన కళ్ళముందే పడుతుంది, మధ్యలో ఏ కంపెనీ ఏజెంటూ ఉండడు. మీ అన్నను పిలిపించి బావామరుదులిద్దరినీ కలిసి పరీక్షకు పంపండి. ఈ వయసులో మీ అన్నకూ అది అవసరమే, ఆయన ఒక్కణ్ణే పట్టుకెళ్ళినట్టూ ఉండదు. పాత మాత్రలు మీరే మళ్ళీ మొదలుపెట్టించకండి. నాలుగు నెలల తర్వాత ఏ మోతాదు వేయాలో డాక్టరే చెప్పాలి. ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం వారం కాదు, రేపే తీసుకెళ్ళండి.

తర్వాత చెంబు. దీన్ని రైస్ పుల్లింగ్ అంటారు, మన రాష్ట్రాల్లో చాలా పాత మోసం. పిడుగు పడిన చెంబు అంటారు, ఇరీడియం అంటారు, ఉల్కల లోహం అంటారు. ఇరీడియం అనే లోహం నిజంగానే ఉంది. భూమి పైపొరలో బహు అరుదు, ఉల్కల్లో ఎక్కువ. ఆ ఒక్క నిజం ముక్క చుట్టూ మిగతాదంతా అల్లుతారు. ఇరీడియం ఇనుమును కూడా అయస్కాంతంలాగా లాగదు, బియ్యం సంగతి చెప్పక్కర్లేదు. చాలాచోట్ల జరిగేదేమిటంటే, గింజలకు ముందే ఇనుప రజను పట్టిస్తారు, చెంబులో అయస్కాంతం దాస్తారు. 2018లో ఢిల్లీ పోలీసులు ఇలాంటి కేసులోనే ఒక తండ్రీకొడుకులను అరెస్టు చేశారు. నాసా కొంటుందని చెప్పి ఒక వ్యాపారి దగ్గర 1.43 కోట్లు లాగారు. రేడియేషన్ తగలకుండా అంటూ వెండిరంగు సూటు కూడా చూపించారు. మీ ఆయన మోసపోయింది తెలివి తక్కువై కాదని ఆ వ్యాపారిని చూస్తేనే తెలుస్తుంది.

దేవుడి గూట్లో పొట్లం ఉందన్నారు కదా, అది మీకు మంచి ఆధారం. పాత రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది, మోటారు మెకానిక్‌ను అడిగినా ఇస్తాడు. ఒక తెల్లకాగితం మీద ఆ గింజలు పోయండి, పక్కనే మీ డబ్బాలోని బియ్యం చిటికెడు పోయండి. అయస్కాంతం ఆయన చేతికే ఇవ్వండి. రెంటి దగ్గరా ఆయన్నే పెట్టి చూడమనండి. పొట్లంలోవి ఎగిరి అంటుకుని, ఇంటివి కదలకపోతే మీరు ఒక్క మాటా మాట్లాడక్కర్లేదు. మాట్లాడొద్దు కూడా. ‘చూశావా, నేను చెప్పలేదా’ అన్నారో, ఆయన అయస్కాంతాన్ని వదిలేసి మీతో గొడవకు దిగుతారు.

రెండూ కదలకపోతే? వాళ్ళు రజను పట్టించిన గింజలు మీ ఆయనకు ఇచ్చి ఉండరు, అంతే. అప్పుడు ఆయన చేతే ఒక ఫోన్ చేయించండి: ‘మా ఇంటి బియ్యంతో చూపిస్తారా? పగలు, మా ఊళ్ళో, నలుగురి ముందు?’ సాకులు మొదలవుతాయి. రేడియేషన్ అంటారు, సీక్రెట్ అంటారు, పార్టీ బెంగళూరులో ఉందంటారు. ఆయన్ను మళ్ళీ ఒంటరిగా ఆ లాడ్జికి మాత్రం పంపకండి. నగల విషయంలో మెత్తబడొద్దు. ‘దీనికి ఇవ్వను’ అని ఒకసారి చెప్పి ఊరుకోండి. వాటిని మీ అన్న ఇంట్లోనో లాకరులోనో పెట్టినా తప్పు లేదు, కానీ ఆయనకు చెప్పే పెట్టండి. దొంగచాటుగా పెడితే, ఇంట్లోవాళ్ళే కుట్ర చేశారనడానికి మీరే రుజువు చేతికిచ్చినట్టు.

ఇప్పుడు ఆ తెల్లవారుజాము సంగతి. ఏ పక్క నుంచి ఏ పక్కకు పోయాయో, ఎలా వెలిగాయో ఇంత వివరంగా చెప్పిన మనిషిది తాగినవాడి మాట కాదు. 2019 మేలో స్టార్‌లింక్ అనే ఇంటర్నెట్ ఉపగ్రహాలను మొదటి విడతగా ఒకే రాకెట్‌లో 60 పంపారు, అప్పటినుంచి విడతలు విడతలుగా పంపుతూనే ఉన్నారు. వదిలిన కొత్తలో కొన్ని రోజులు అవి ఒకే వరుసలో పోతాయి, ఆ తర్వాత పైకెళ్ళి విడిపోతాయి. మనకు ఇంకా చీకటిగా ఉన్నా అంత ఎత్తున ఎండ తగులుతుంది. భూమి నీడ దాటి ఎండలోకి వచ్చిన ఉపగ్రహం వచ్చినట్టే వెలుగుతుంది కాబట్టి ఒక్కొక్కటే దీపం పెట్టినట్టు కనిపిస్తుంది. మీ ఆయన చూసింది అవేనని నేను ప్రమాణం చేయను. కానీ ఆయన చెప్పిన ప్రతి వివరం దీనికి సరిపోతోంది. తేదీ గుర్తుంటే ఆ రోజు ఏ ఉపగ్రహాలు ఎటు పోయాయో మీ అబ్బాయి వెతికి చూడొచ్చు.

కాబట్టి ఆయన దీపాలు చూసిన మాట నిజం. అవి ఏలియన్లవన్నది వీడియోలవాళ్ళు తర్వాత తగిలించిన అర్థం. మీరు రెంటినీ కలిపేసి నవ్వారు. కళ్ళారా చూసి పరుగెత్తుకొచ్చిన మనిషిని ఇంట్లోవాళ్ళు తాగుబోతన్నారు. ఫోనులో ముక్కూమొహం తెలియనివాళ్ళు ‘నమ్ముతాం అన్నా, ఇంకా ఏం చూసినావు?’ అన్నారు. ఆయన ఎటు పోతారు చెప్పండి. చంద్రుడి మీదికి ఎవరూ పోలేదనే వీడియో, పోయినవాళ్ళకు అక్కడ ఏలియన్లు కనిపించారనే వీడియో ఒకే రాత్రి వరుసగా చూసేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఆ రెండూ పొసగవని వాళ్ళకు అనిపించదు. ‘పెద్దోళ్ళు మన దగ్గర ఏదో దాస్తున్నారు’ అన్న మాట రెంటిలోనూ ఉంటే చాలు. బీమా డబ్బు ఎందుకు రాలేదో, చీనీ ధర ఎందుకు పడిపోయిందో ఎవరూ సరిగ్గా చెప్పని రైతుకు ఆ మాట ఇంకా తొందరగా ఎక్కుతుంది.

మీ అబ్బాయికి ఈ పేరా చదివి వినిపించండి. బాబూ, నువ్వు సైన్సు చదువుతున్నావు, సంతోషం. అమెరికా వైమానిక దళం 1947 నుంచి 1969 దాకా, 1952 తర్వాత ప్రాజెక్ట్ బ్లూబుక్ పేరుతో, ఇలాంటి ఫిర్యాదులు 12,618 పరిశీలించింది. 701 తేలలేదు. వాటి పక్కన ఏలియన్లు అనీ రాయలేదు, అబద్ధం అనీ రాయలేదు, గుర్తించలేకపోయాం అని రాశారు. అంత దూరం ఎందుకు, మీ జిల్లాలోనే కలివికోడి ఉంది. 1900 తర్వాత పక్షిశాస్త్రవేత్తల కంట పడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పక్క ఒక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో పట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ మాటను పట్టించుకుని వెతికారు కాబట్టే దొరికింది. ఆ తర్వాత లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అయితే మాట ఒక్కటే చాలలేదు, పక్షి చేతికి వచ్చాకే లోకం ఒప్పుకుంది. నాయనను నువ్వు రుజువు అడగాలంటే ముందు ఆయన మాట పట్టించుకోవాలి. ఫోన్ చేసి, ‘ఆ రోజు నవ్వడం తప్పే నాయనా. ఏం చూసినావో మళ్ళా మొదటినుంచి చెప్పు’ అను. చంద్రయాన్-2 తీసిన ఫొటోల్లో మనుషులు మొదటిసారి చంద్రుడి మీదికి పోయిన అపోలో 11 దిగిన చోటు కనిపిస్తుందని నీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండి ఉంటుంది. అది ఇంకో రోజుకు దాచుకో.

అమ్మా, మీరూ రోజుకు ఒక వీడియో ఆయన పక్కన కూర్చుని చూడండి. ఖండించకండి, ఊరికే అడగండి: ఇది ఎక్కడ తీశారు? తర్వాత ఏం తేలింది? 2017లో విశాఖపట్నంలో ఏలియన్లు దొరికాయంటూ తిరిగిన వీడియోతో మొదలుపెట్టండి. తెల్లటి మొహాలు, మనుషుల్లా నిలువుగా నిలబడిన ఒళ్ళు. అవి గుడ్లగూబ పిల్లలు. రాత్రులు తోట కాపలా కాసిన మనిషికి మీరు చెప్పేలోపే తెలిసిపోతుందేమో. ఒంటిగంట దాకా మేలుకోవడం మాత్రం తగ్గాలి. నిద్ర లేని తలకు ఏదైనా నిజమనిపిస్తుంది. ఫోన్ లాక్కోకుండా, పదింటికి చార్జింగ్ హాల్లోనే అనే నియమం ఇంటిల్లిపాదికీ పెట్టండి, మీకు కూడా.

లోకంలో ఏదో కుట్ర జరుగుతోందని నమ్మడం వేరు. ఆ కుట్ర తన మీదే జరుగుతోందని, ఎవరో వెంటపడుతున్నారని, వాళ్ళ మాటలు చెవిలో వినిపిస్తున్నాయని, అన్నంలో ఏదో కలిపారని అనడం వేరు. ఇలాంటి మాట ఒక్కటి వచ్చినా వాదించకుండా కడప రిమ్స్‌లో మానసిక వైద్యులకు చూపించండి. మీరు రాసినదాంట్లో నాకవి కనిపించలేదు. మీకే నిద్ర పట్టక, టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మిగిలింది ఆ ఇరవై వేలు. ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, చేతికిచ్చి ఉంటే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. వాట్సాప్ మెసేజులు చెరిపేయనివ్వకండి. డబ్బు తిరిగొస్తుందని నేను ఆశ పెట్టను. రాకపోతే దాని గురించి ఆయన్ను ఎప్పుడూ దెప్పకండి, మీ అబ్బాయినీ దెప్పనివ్వకండి. పోగొట్టుకున్నానని ఇంట్లో తలెత్తుకోలేని మనిషి, తన మాటే నిజమని చూపించడానికి ఆ రెండు లక్షలు అప్పు తెచ్చయినా కడతాడు.