ఆటుకు దిగి, పోటుకు ముందే ఎగరాలి

ప్రశ్న: నాకు పైలట్ లైసెన్సు వచ్చి ఏడాది కావస్తోంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కోపాలిస్ దగ్గర ఇసుక మీదే చిన్న విమానం దించి, రేజర్ క్లామ్ గుల్లలు తవ్వుకుని రావచ్చని విన్నాను. అద్దె సెస్నా 172లో నేనూ నా భార్యా వెళ్లాలనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి? ఇద్దరి గుల్లలూ ఒకే బకెట్‌లో వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, సియాటెల్

జవాబు: విన్నది నిజమే. ఆ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున విమానం దించడానికి చట్టం ఒప్పుకునేది అక్కడ ఒక్కచోటే. కోపాలిస్ నది సముద్రంలో కలిసే చోటు నుంచి కోపాలిస్ రాళ్ల వైపు సాగే ఇసుకే రన్‌వే. పేరుకు రాష్ట్ర ప్రభుత్వ విమానాశ్రయం. దీపాలుండవు, ఇంధనం దొరకదు, పోటు వస్తే రన్‌వేయే ఉండదు.

ముందు విమానం యజమానిని అడగండి. అద్దెకిచ్చేవారిలో చాలామంది ఇసుక మీద దించడానికి ఒప్పుకోరు. బీమా వర్తిస్తుందో లేదో కూడా కాగితం మీద చూసుకోవాలి. ఆయన కాదంటే బతిమాలకండి. ఉప్పునీటి తుంపర అల్యూమినియాన్ని ఏం చేస్తుందో ఆయనకు తెలుసు. ఒప్పుకుంటే, ఇసుక మీద దిగిన అనుభవమున్న శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదట ఒకసారి వెళ్లిరండి. శ్రీమతిగారిని ఆ తర్వాత తీసుకెళ్దురుగాని.

అక్కడ పెత్తనమంతా ఆటుపోట్లదే. గుల్లలు తవ్వేవారు నీరు పూర్తిగా వెనక్కి తగ్గడానికి గంటో రెండు గంటలో ముందే ఒడ్డుకు చేరతారు. మీ రన్‌వే తేలేదీ ఆ వేళకే. అందరూ దిగే వేళ లెక్కేసుకుంటారు. నేను మాత్రం ఎగిరే వేళను మొదట రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడతాను. బకెట్ నిండలేదని ఆ వేళను జరిపే ప్రసక్తి లేదు. ఇంకో మాట: శరత్కాలం, చలికాలాల్లో తవ్వకాలు సాయంత్రపు ఆటుకు పడతాయి, లాంతర్ల వెలుగులో సాగుతాయి. కారులో వచ్చినవారికి అది సరదా, మీకు కాదు. వసంతంలో తవ్వకాలు ఉదయపు ఆటుకు మారతాయి. అప్పుడు వెళ్లండి.

దిగేముందు ఇసుక రంగు చూడండి. తడిసి ముదురుగా కనిపించేది చక్రాన్ని మోస్తుంది. తెల్లగా, పొడిగా ఉన్నది దిగబడుతుంది. నీరు నిలిచి మెరిసే చోటూ వద్దు. తక్కువ ఎత్తులో ఒకసారి ఎగిరి మనుషులు, కుక్కలు, కొట్టుకొచ్చిన దుంగలు లేవని తేల్చుకోండి. మీ విమానానికి ముందు చక్రమే బలహీనం. నేల తాకాక కూడా స్టీరింగును వెనక్కి లాగే ఉంచండి, బ్రేకు జోలికి పోకండి. ఏమాత్రం అనుమానం కలిగినా హోక్వియమ్‌లో బోవర్‌మన్ ఫీల్డ్ ఉంది, గట్టి రన్‌వే. అక్కడ దిగి కారులో వెళ్లినా గుల్లల రుచి తగ్గదు.

ఇసుక మీద చిన్న గుంటో, గారెలా నడుమ చిల్లున్న ఉబ్బో కనిపిస్తే దాని కింద గుల్ల ఉన్నట్టు. పారను దానికి సముద్రం వైపున నాలుగైదు అంగుళాల దూరంలో దించండి. సరిగ్గా గుర్తు మీదే దించితే పలచటి పెంకు పగులుతుంది, ఆ అంచు వేలు కోస్తుంది. గుల్ల పక్కకు పోదు, కిందికి జారిపోతుంది, అదీ చాలా వేగంగా. చివర్లో చేత్తో వెతుక్కోవలసిందే.

రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ ప్రకటించిన రోజుల్లోనే తవ్వాలి. డొమోయిక్ ఆమ్లం అనే నాచు విషం ఎంతుందో పరీక్షించి గానీ వారు అనుమతి ఇవ్వరు. ఉడికించినా ఆ విషం పోదు, అందుకని మూసిన రోజున మొండికి పోవద్దు.

ఇక బకెట్ సంగతి. కుదరదు. 15 ఏళ్లు, ఆపైన వయసున్న ప్రతివారికీ విడి లైసెన్సు ఉండాలి, ఎవరి గుల్లలు వారి పాత్రలోనే ఉండాలి. మామూలుగా మనిషికి 15, అదీ మొదట తవ్విన 15. చిన్నదని, పగిలిందని తిరిగి పారేయకూడదు. రెండు బకెట్లకూ బిగుతైన మూతలు పెట్టి, ఉప్పునీరు వంచేసి, కదలకుండా కట్టండి. ఇంటికి చేరిన రోజే విమానాన్ని, ముఖ్యంగా చక్రాల దగ్గర, మంచినీటితో కడిగి అప్పగించండి.