టెక్ సందేహాలు: లేత్ ప్లేటు మీద అంకెలు చెరిగిపోతే...

ప్రశ్న: మా నాన్నగారి కాలం నాటి లేత్ (ఇనుమును తిప్పుతూ కోసే మెషీన్) ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. గేర్ల మూత మీది థ్రెడ్ చార్టు ప్లేటు మాత్రం సగం చెరిగిపోయింది. ఏ థ్రెడ్‌కు (మరకు) ఏ గేర్లు వేయాలో మా పాత టర్నర్‌కు నోటికొచ్చు గానీ ఆయన త్వరలో పని మానేస్తున్నారు. ప్లేటును ఫొటో తీసి ఏఐ యాప్‌లో పెడితే అంకెలన్నీ స్పష్టంగా వచ్చాయి. వాటినే లేజర్‌తో చెక్కించేయొచ్చా?
- వర్క్‌షాప్ యజమాని, పాలకొల్లు

ఆగండి. ఆ ‘స్పష్టంగా వచ్చాయి’ దగ్గరే నాకు టెన్షన్. ఇలాంటి యాప్‌లు చెరిగిన గీతను చదవవు, అక్కడ ఏముండొచ్చో ఊహించి గీస్తాయి. పెళ్లి ఫొటోలో అది చెల్లుతుంది. గేరు పళ్ల లెక్కలో 3 కాస్తా 8 అయితే చేస్తున్న వస్తువు తుక్కులోకి పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అరిగిన ప్లేటును ఎవరూ పూర్తిగా నమ్మరు, పక్కవాణ్ని అడిగి చూసుకుంటారు. తళతళలాడే కొత్త ప్లేటు మీద తప్పుంటే, రేపు పనిలో చేరే కుర్రాడు కళ్లు మూసుకుని దాన్నే నమ్ముతాడు. ముందు అంకెలు తేల్చుకోండి, చెక్కించడం తర్వాత.

ఈ వారమే మీ టర్నర్ గారిని చార్టు ముందు కూర్చోబెట్టి, ఒక్కో వరుస చెప్పించుకుని ఫోన్‌లో వీడియో తీయండి. ఇంతకంటే మంచి యాప్ నాకు తెలియదు.

ఇక ప్లేటు సంగతి. వైరు బ్రష్ జోలికి పోకండి, గాట్లలో మిగిలిన కాస్త రంగూ ఊడిపోతుంది. డీజిల్ గుడ్డతో జిడ్డు తీసి, సబ్బు నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత షెడ్డులో లైట్లు ఆపి, టార్చిని ప్లేటుకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. ఎదురు వెలుతురులో కనబడని గాటు పక్క వెలుతురులో సన్నటి నీడగా తేలుతుంది. పై నుంచి, కింది నుంచి, రెండు పక్కల నుంచి ఇలా నాలుగు ఫొటోలు తీయండి. ఫోన్ మరీ దగ్గర పెడితే అంచులు వంకర పోతాయి కాబట్టి రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి. పక్కన స్టీలు స్కేలు పెడితే తర్వాత కొలత దొరుకుతుంది. ఇంకా అనుమానమున్న అంకె మీద పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిల్‌ను అడ్డంగా పెట్టి రుద్దండి. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద చేసిన పనే.

అప్పటికీ దొరకని అంకెలను లెక్కతో పట్టుకోవచ్చు. కోయాల్సిన థ్రెడ్ పిచ్‌ను (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) లీడ్ స్క్రూ (కోసే పనిముట్టును జరిపే పొడవాటి మర కడ్డీ) పిచ్‌తో భాగిస్తే, తిప్పే గేరుకూ తిరిగే గేరుకూ ఉండాల్సిన నిష్పత్తి వస్తుంది. లీడ్ స్క్రూ పిచ్ 6 మి.మీ. ఉంటే 2 మి.మీ. థ్రెడ్‌కు 2/6, అంటే 20 పళ్లకు 60, లేదా 30కి 90. లీడ్ స్క్రూ అంగుళానికి 4 మరలది అయితే 1.5 మి.మీ. థ్రెడ్‌కు 30/127 పడుతుంది. ఆ 127 వింతగా కనిపిస్తుంది గానీ, అంగుళమంటే 25.4 మి.మీ. కదా, దాన్ని 5తో గుణించి చూడండి. మీ గేర్ల డబ్బాలో 127 పళ్లది ఉంటే, అంగుళాల లేత్ మీద మిల్లీమీటర్ల థ్రెడ్లు కూడా కోసేవారన్నమాట. గూగుల్ షీట్స్‌లో మీ దగ్గరున్న గేర్లన్నీ రాసుకుంటే ఏ జత ఏ థ్రెడ్‌కు సరిపోతుందో అరగంట పని.

అయితే హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) లోపలి గేర్లు నిష్పత్తిని మార్చేస్తుంటే ఉత్త లెక్క సరిపోదు. మెయిన్ ఆపేసి, గేర్లు కలిపి, చక్‌ను (కోసే ముక్కను పట్టి ఉంచేది) చేత్తో 10 చుట్లు తిప్పండి. క్యారేజ్ (పనిముట్టు బిగించే బండి) ఎంత జరిగిందో కొలిచి 10తో భాగిస్తే అసలు పిచ్ తెలిసిపోతుంది. కొలత మొదలుపెట్టే ముందు ఒకటి రెండు చుట్లు అదే దిక్కుకు తిప్పి లూజు పోగొట్టండి. పిచ్ గేజ్ (మరల దూరం సరిచూసే పళ్ల రేకు) ఉంటే పాత షాఫ్టు మీద సన్నగా గీత పెట్టి కూడా చూసుకోవచ్చు.

ప్లేటు గీయడానికి ఇంక్‌స్కేప్ చాలు, ఉచితం. ఫొటోను అడుగు లేయర్‌లో పెట్టి, దాని మీద అక్షరాలు కొత్తగా టైప్ చేయండి. ఆటోమేటిక్ ట్రేసింగ్ వద్దు, మరకలను కూడా అక్షరాలనుకుంటుంది. తెలుగులో కూడా రాయిస్తారా, మంచిదే. కానీ ఫైల్ ఇచ్చే ముందు అక్షరాలను పాత్‌గా (గీతల బొమ్మగా) మార్చండి, లేదంటే లేజర్ షాపు కంప్యూటర్లో వత్తులు చెల్లాచెదురైపోతాయి. 100 శాతం సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, మెషీన్ మీద అతికించి కొన్నాళ్లు దానితోనే పని చేయించండి. తప్పులుంటే ఈలోపే బయటపడతాయి.

మీది నరసాపురం ఉప్పుగాలి తగిలే ఊరు. మామూలు అల్యూమినియం రేకు తెల్లగా పొక్కిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఫైబర్ లేజర్‌తో చెక్కించి, స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే వేయండి. షీల్డులు, నేమ్ ప్లేట్లు చేసే షాపుల్లో అడగండి. అక్రిలిక్ కోసే సీఓటూ లేజర్ నేరుగా స్టీలును చెక్కదు. అలాంటిదే ఉందంటే రెండు రంగుల ఏబీఎస్ షీటు తీసుకోండి. పీవీసీ షీటు మాత్రం లేజర్ కింద పెట్టనివ్వకండి, హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది, మనిషికీ మెషీన్‌కూ చెరుపే. పాత ప్లేటును పారేయకుండా గేర్ల మూత లోపలి వైపు బిగించి ఉంచండి.

ప్రశ్న: మా రైస్ మిల్లు మోటారు నేమ్ ప్లేటు తుడిచిపెట్టుకుపోయింది. క్లాంప్ మీటర్‌తో కరెంటు కొలిచి కొత్తది కొట్టించుకోవచ్చా?
- మండపేట

మీరు కొలిచేది ఆ రోజు లోడుకు తీసుకున్న కరెంటు, మోటారు రేటింగ్ కాదు. దాన్ని ప్లేటెక్కిస్తే ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) తప్పు అంకె మీద పెడతారు. చుట్లు కొలిచే ట్యాకోమీటర్‌లో లోడు మీద నిమిషానికి 1440 చుట్లు వస్తే అది 4 పోల్ (నాలుగు అయస్కాంత ధ్రువాల) మోటారని మాత్రం ధైర్యంగా రాసుకోవచ్చు. మిగతావి పాత బిల్లులోనో, రివైండింగ్ చేసిన షాపు పుస్తకంలోనో వెతకండి. దొరికినవాటిని వేరే ప్లేటు మీద ‘మిల్లు వారి సమాచారం’ అని రాయించండి. కంపెనీ పేరు, సీరియల్ నంబరు అచ్చం పాతదానిలా కొట్టించడం నకిలీ చేయడమే అవుతుంది. అన్నట్టు, మిల్లులో ధాన్యం తూచే కాటా ప్లేటు జోలికి అసలు వెళ్లకండి. దాని ముద్రలు తూనికలు కొలతల శాఖ చూసుకోవాల్సినవి.

ప్రశ్న: చెరువు గట్టున ఏరేటర్ (నీటికి గాలి అందించే మెషీన్) స్టార్టర్ బాక్సులకు బ్లూటూత్ లేబుల్ ప్రింటర్‌తో స్టిక్కర్లు వేశాను. నెల తిరగకుండానే అక్షరాలు మాయం!
- భీమవరం

మీరు కొన్నది షాపు బిల్లులు కొట్టే రకం డైరెక్ట్ థర్మల్ ప్రింటర్ అయి ఉండాలి. ఆ కాగితం వేడికే నల్లబడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. పైన లామినేషన్ పొర ఉండే టేపు ప్రింటర్ గానీ, రిబ్బన్‌తో ప్లాస్టిక్ లేబుల్ మీద కొట్టేది గానీ తీసుకోండి. క్యూఆర్ కోడ్ కూడా వేస్తానంటే, అందులో వెబ్ లింకు కాకుండా చెరువు నంబరు, మోటారు వివరాలు నేరుగా రాయండి. ‘డైనమిక్’ అని ఇచ్చే ఉచిత కోడ్‌లు ఆ వెబ్‌సైటు ఆగిపోయిన రోజే పనిచేయడం మానేస్తాయి. తయారు చేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ ‘హెచ్’ ఎంచుకుంటే, సుమారు 30 శాతం వరకు పాడైనా కోడ్ చదవొచ్చు. బురద చేతులతో ముట్టుకునే బాక్సులకు అది అవసరమే.