మాత్ర మింగింది మింగినట్టే బయటికొచ్చిందా?

(ముప్పై ఏళ్లు మందుల ఫార్ములేషన్ ల్యాబుల్లో పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త పాఠకుల ప్రశ్నలకు చెప్పే జవాబులు)

ప్రశ్న: మా నాన్నగారు బీపీకి రోజూ ఉదయం నిఫెడిపిన్ మాత్ర వేసుకుంటారు. మొన్న మలంలో ఆ మాత్ర చెక్కుచెదరకుండా కనిపించిందట. 'ఒంటికి పట్టనే లేదు, ఇంకోటి వేసుకుంటా' అంటున్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ రెండో మాత్ర ఆపించండి. బీపీ మందు రెండింతలు పడితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇక నాన్నగారు చూసింది బహుశా మాత్ర కాదు, దాని డొల్ల. అందులోని మందు ఎప్పుడో ఒంట్లోకి దిగిపోయి ఉంటుంది.

ఆయన వాడుతున్నది ఆస్మోటిక్ పంపు (నీటిని పీల్చుకుని మందును బయటికి నెట్టే) రకం అయి ఉండాలి. పెట్టెలో మడతపెట్టిన కాగితం విప్పి చూడండి, డొల్ల మలంలో కనిపించవచ్చన్న సంగతి అందులో ఉంటుంది. ఆ కాగితం ఎవరూ చదవరని నాకు తెలుసు. అంత చిన్న అక్షరాల్లో అచ్చువేస్తే ఎవరు మాత్రం చదువుతారు!

ఈ మాత్ర పైపొర కరగదు. నీళ్లను లోపలికి రానిస్తుంది కానీ మందును తనగుండా బయటికి పోనివ్వదు. లోపల రెండు వరసలుంటాయి. ఒకదాంట్లో మందు, రెండోదాంట్లో తడి తగిలితే ఉబ్బే పాలిమర్. మందున్న వైపు లేజర్‌తో కొట్టిన చిన్న రంధ్రం. కడుపులోని నీరు పొరలోంచి ఊరి లోపలికి చేరేకొద్దీ పాలిమర్ ఉబ్బి మందును నెడుతుంది. టూత్‌పేస్టు ట్యూబును అడుగునుంచి నొక్కినట్టు, రోజంతా కొంచెం కొంచెంగా మందు బయటికొస్తుంది. పని అయ్యాక డొల్ల తన దారిన తాను పోతుంది. పొట్టలో ఆమ్లం ఎక్కువున్నా తక్కువున్నా ఈ పంపు పెద్దగా పట్టించుకోదు. 1970లలో పుట్టిన ఈ ఆలోచన అంటే నాకిప్పటికీ ముచ్చటే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి మాత్రల చిన్న బ్యాచి ఒకటి చేశాం. రంధ్రాలు చేత్తో డ్రిల్ పట్టుకుని కొట్టాలి. మందు ఏ వైపుందో రంగును బట్టి తెలుసుకోవాలి. 900 మిల్లీలీటర్ల ద్రవం ఉన్న ఆరు గాజు పాత్రల్లో, 37 డిగ్రీల దగ్గర, ఒక్కో మాత్ర వేశాను. తెడ్లు నెమ్మదిగా తిరుగుతుంటే గంట గంటకూ సిరంజితో శాంపిల్ తీస్తూ రాత్రంతా కూర్చున్నాను. తెల్లారి చూస్తే అయిదు డొల్లలు వేలితో నొక్కితే సొట్టపోయాయి, లోపల మందు లేదు. ఆరోదాని రంధ్రంలోంచి మాత్రం పాలిమర్ తోకలాగా వేలాడుతోంది, మందేమో లోపలే భద్రంగా ఉంది. ఆ ఒక్కదాన్ని తిరగేసి పట్టుకుని డ్రిల్ చేశానన్నమాట. ఎవరినీ తిట్టడానికి లేదు, చెయ్యి నాదే.

అయితే ఒక మాట. అన్ని మాత్రలకూ ఇది వర్తించదు. మామూలుగా కరిగిపోవాల్సిన మాత్ర ముక్కలుగానో మొత్తంగానో బయటికొస్తే డాక్టరుకు చెప్పాల్సిందే. నాన్నగారికి పేగు ఎక్కడైనా సన్నబడిందని గతంలో చెప్పి ఉంటే, ఈ డొల్ల అక్కడ ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి అదీ చెప్పండి.

ప్రశ్న: నాకు సూదంటే భయం. సుగర్‌కు ఇంజక్షన్‌గా ఇచ్చే సెమాగ్లూటైడ్ మాత్రగా వచ్చిందంటున్నారు. మరి వందేళ్లయినా ఇన్సులిన్ మాత్ర ఎందుకు రాలేదు?

జవాబు: మంచి ప్రశ్న వేశారు. నా సర్వీసులో సగం మంది దీని చుట్టూనే తిరిగారు.

ఇన్సులిన్ అంటే 51 అమైనో ఆమ్లాలతో అల్లిన రెండు గొలుసుల జత. సెమాగ్లూటైడ్ కూడా అలాంటి గొలుసే, కాస్త చిన్నది. పొట్టకు ఇవన్నీ ఒకటే, మాంసకృత్తులు. ముక్కలు చేసి అరిగించేస్తుంది. అందుకే 2019లో అమెరికాలో అనుమతి పొందిన సెమాగ్లూటైడ్ మాత్రలో 'స్నాక్' అనే తోడు పదార్థం కలిపారు. మాత్రలో మందు 14 మిల్లీగ్రాములైతే స్నాక్ 300 మిల్లీగ్రాములు! అది మాత్ర చుట్టూ ఆమ్లాన్ని కాసేపు చల్లారుస్తుంది, జీర్ణాశయం గోడలోంచి మందు జారిపోయేలా చేస్తుంది. ఆ సాయం మాత్ర ఆనుకున్న చోటే, ఆ కొద్దిసేపే. పరగడుపున, 120 మిల్లీలీటర్లకు మించని నీళ్లతో వేసుకుని, అరగంట దాకా ఏమీ తినొద్దు, తాగొద్దు అనేది అందుకే. గ్లాసెడు నీళ్లు తాగితే స్నాక్ పలచబడిపోతుంది.

ఇంత చేసినా రక్తంలోకి చేరేది ఒక శాతం లోపే. ఒక రోజు కాస్త ఎక్కువ, మరో రోజు కాస్త తక్కువ. సెమాగ్లూటైడ్‌కు అది చెల్లుతుంది. ఒంట్లో సగానికి తగ్గడానికే దానికి వారం పడుతుంది కాబట్టి రోజువారీ తేడాలు సర్దుకుపోతాయి. ఇన్సులిన్‌తో అలా కుదరదు. ఇవాళ అర శాతం, రేపు రెండు శాతం చేరిందనుకోండి, డోసు నాలుగింతలైనట్టే. సుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు.

అందుకని ఎక్కువకాలం నిలిచే ఇన్సులిన్‌ను మాత్రగా చేసి 50 మందిపై 8 వారాల ట్రయల్ చేశారు. ఫలితాలు 2019లో వచ్చాయి. ఇంజక్షన్ తీసుకున్నవాళ్లతో సమానంగా సుగర్ అదుపులోకి వచ్చింది. అయినా ఆపేశారు, మాత్రల్లో పోయాల్సిన ఇన్సులిన్ మరీ ఎక్కువైందని. నన్నడిగితే ఆపడం సబబే, మనసుకు కష్టమనిపించినా.

అదే ఏడాది అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు బఠాణీ గింజంత పరికరం చూపించారు. తిరగబడినా మళ్లీ నిలబడే తాబేలు డిప్ప ఆకారంలో చేశారు దాన్ని. మింగితే ఎలా పడినా పొట్ట గోడ మీద అడుగు ఆనించి నిలుస్తుంది. లోపలి చక్కెర బిళ్ల కరగ్గానే స్ప్రింగు విడివడి, ఎండబెట్టి గట్టిగా అదిమిన ఇన్సులిన్‌తోనే చేసిన సూదిని గోడలోకి దించుతుంది. అక్కడ నొప్పి తెలియదు. పందుల్లో పనిచేసింది. మీ భయానికి మందు ఇదే కావచ్చు, కానీ దీన్ని నమ్ముకుని ఇప్పుడు వాడే ఇంజక్షన్ మానకండి.

ప్రశ్న: హెచ్ఐవీ సోకకుండా ఆరు నెలలకోసారి ఇంజక్షన్ అట. ఒక్క డోసు అన్నాళ్లు ఎలా నిలుస్తుంది?

జవాబు: అది లెనాకపవిర్. నీళ్లలో కరగడమంటే దానికి మహా బద్ధకం. మాకు అలాంటి మందు చేతికొస్తే తలపట్టుకునేవాళ్లం, దాన్ని ఎలా కరిగించాలా అని. ఇక్కడ ఆ అవలక్షణమే అక్కరకొచ్చింది. చర్మం కింద 927 మిల్లీగ్రాములు ఎక్కిస్తే అక్కడే పేరుకుని, నెలల తరబడి కొద్దికొద్దిగా కరుగుతుంది. చాలా తక్కువ మోతాదుకే వైరస్‌ను కట్టడి చేస్తుంది కాబట్టి ఆ కొద్దీ సరిపోతుంది. 2024లో వెల్లడైన ఒక ట్రయల్‌లో ఈ ఇంజక్షన్ తీసుకున్న 2,134 మంది మహిళల్లో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. మరుసటి ఏడు జూన్‌లో అమెరికా దీన్ని నివారణకు అనుమతించింది. మొదలుపెట్టేటప్పుడు మాత్రం రెండు రోజులు మాత్రలు కూడా వేసుకోవాలి.

ప్రశ్న: అత్తయ్యకు మింగడం కష్టంగా ఉంది. మాత్రలన్నీ పొడి చేసి నీళ్లలో కలిపి ఇస్తున్నాను. తప్పా?

జవాబు: అన్నీ అంటేనే భయమేసిందమ్మా. పేరు చివర ఎక్స్ఎల్, ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవి నలపొద్దు. రోజంతటి మందు ఒక్కసారే రక్తంలో పడుతుంది. పేగులో కరగాల్సిన కోటింగ్ ఉన్నవీ అంతే. మూర్ఛకు వాడే లెవెటిరాసిటమ్‌ను 2015లో త్రీడీ ప్రింటింగ్‌తో తయారుచేశారు, గుక్కెడు నీటితో నోట్లోనే సెకన్లలో విడిపోతుంది. అలా అన్ని మందులకూ రాలేదు కానీ చాలావాటికి సిరప్ ఉంది. మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని ఫార్మసిస్టు ముందు పెట్టండి. ఏది నలపొచ్చో, ఏది కూడదో అట్టమీదే పెన్నుతో రాసిమ్మనండి.