ఆట బాగుపడాలంటే ఏం రాసి పంపాలి

అమ్మలూ,

మనం పాత్రలుగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను తయారుచేసేవాళ్లకు పంపుదామని నువ్వు రాసుకున్న సూచనలు చదివాను. ఎంతో శ్రద్ధగా రాశావు. ఆ శ్రద్ధ వృథాగా పోకూడదనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఏళ్ల తరబడి కథ నడిపే గేమ్ మాస్టర్‌గా కూర్చున్నదాన్ని, కొత్త రూల్స్‌ని అచ్చుకు ముందే ఆడి చూసే ప్లేటెస్ట్‌ల సర్వేలు చాలానే నింపినదాన్ని కాబట్టి, ఏ మాట వాళ్లకు పనికొస్తుందో, ఏది పనికిరాదో నాకు కొంత తెలుసు.

నీ కాగితంలో మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "రేంజర్‌కి ఇంకో అటాక్ ఇవ్వాలి" అన్నావు, అంటే నువ్వు ఆడే అడవి వేటగాడి పాత్రకు ఒక్కో వంతులో ఇంకో దెబ్బ కొట్టే వీలు. ఎందుకు ఇవ్వాలో మాత్రం ఎక్కడా చెప్పలేదు. నీ వంతు వచ్చేదాకా చాలాసేపు ఖాళీగా కూర్చోవాల్సి వస్తోందా? నువ్వు విల్లు ఎక్కుపెట్టేలోపే మంత్రాలు వేసే విజార్డ్ ఒక్క స్పెల్‌తో పోరు ముగించేస్తున్నాడా? లెవల్ పెరిగినా కొత్తగా చేయడానికి ఏమీ దొరకట్లేదా? ఈ మూడూ వేరువేరు సమస్యలు, మూడింటికీ మందు వేరు. మొదటిదే నీ బాధయితే ఇంకో అటాక్ ఇచ్చినందువల్ల అందరి వంతులూ ఇంకా సాగుతాయి, నీ పరిస్థితి మరింత పాడవుతుంది. కాబట్టి ముందు నీ టేబుల్ దగ్గర ఏం జరిగిందో రాయి. ఏం మార్చాలన్నది తర్వాత, ఒక్క వాక్యంలో, నీ ఊహగా రాయి. రూల్స్ రాయడం వాళ్లకు వచ్చు. నీ టేబుల్ దగ్గర ఏం జరిగిందో మాత్రం నువ్వు చెబితే తప్ప వాళ్లకు తెలిసే దారి లేదు.

రేంజర్ సంగతే చూడు. 2014 రూల్స్‌లోని రేంజర్ బలహీనుడని చాలామంది అన్నారు. డ్యామేజీ పెంచమని అడిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ క్లాసులో (పాత్ర రకంలో) అసలు లోటు ఇంకోచోట ఉంది. ముందే ఒక రకం శత్రువునీ, ఒక రకం ప్రదేశాన్నీ ఎంచుకోవాలి. గేమ్ మాస్టర్ వాటిని కథలోకి తెస్తేనే ఆ శక్తులు పనికొస్తాయి. అడవిని ఎంచుకున్నవాడు కథంతా ఊళ్లోనే గడిస్తే చేతులు కట్టుకుని కూర్చోవాలి. 2020లో వచ్చిన పుస్తకంలో ఆ రెండింటికీ బదులుగా, ఎక్కడైనా పనికొచ్చే శక్తులు తీసుకునే వీలు ఇచ్చారు. "డ్యామేజీ తక్కువ" అన్న మాట కన్నా "నాలుగు సెషన్లు గడిచాయి, నా మొదటి లెవల్ శక్తి ఒక్కసారి కూడా వాడలేదు" అన్న మాట ఆ లోటును సూటిగా పట్టిస్తుంది.

మనం రాస్తే ఎవరు వింటారులే అనుకోకు. వింటారు. ఐదో ఎడిషన్ కోసం 2012లో మొదలుపెట్టిన బహిరంగ ప్లేటెస్ట్ 2013 దాకా సాగింది, పుస్తకాలు 2014లో వచ్చాయి. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట రెండో ఎడిషన్‌ని 2018లో పరీక్షకు పెట్టినప్పుడు అందులో రెజొనెన్స్ అని ఒక లెక్క ఉండేది. మాయావస్తువు వాడిన ప్రతిసారీ అందులోంచి పాయింట్లు ఖర్చయ్యేవి. ఆడినవాళ్లకు అది నచ్చలేదు. 2019లో వచ్చిన పుస్తకంలో అది లేదు. ఆ ప్లేటెస్ట్‌లో నాకు బాగా నచ్చింది వాళ్ల పద్ధతి. ఊరికే అభిప్రాయం అడగలేదు, ఒక సాహసకథను భాగాలుగా ఇచ్చి, ప్రతి భాగం ఆడాక దాని మీద సర్వే పెట్టారు. ఆడకుండా చదివి చెప్పే మాటకీ, ఆడి చెప్పే మాటకీ తేడా వాళ్లకు తెలుసు. చదివినప్పుడు ఘోరంగా అనిపించిన రూలు ఆడితే అసలు అడ్డే రాకపోవచ్చు. అందుకే నీ ప్రతి సూచన పక్కన "ఆడాను" అనో "చదివాను, ఇంకా ఆడలేదు" అనో నిజం రాయి. రెండోది రాయడంలో తప్పేమీ లేదు, కానీ దాన్ని మొదటిదానిలా రాయకూడదు.

మీ టేబుల్ వివరాలు కూడా ఇవ్వాలి. ఎంతమంది ఆటగాళ్లు, ఏ లెవల్, ఏ ఎడిషన్ రూల్స్, మీ గేమ్ మాస్టర్ సొంతంగా పెట్టిన హౌస్ రూల్స్ ఏమిటి అన్నవి పైనే రాసెయ్. ఇందులో హౌస్ రూల్స్‌ని చాలామంది మర్చిపోతారు. నువ్వు బార్బేరియన్ అనే మొరటు యోధుడి గురించి, వాడి రెక్‌లెస్ అటాక్ ఎందుకూ కొరగాదని రాశావు. మీ టేబుల్లో ఫ్లాంకింగ్ వాడతారని నాకు తెలుసు. శత్రువుకు అటూ ఇటూ ఇద్దరు నిలబడితే చాలు, అడ్వాంటేజ్, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకునే వీలు, వచ్చేస్తుంది. 2014 పుస్తకాల్లో అది ఐచ్ఛికమైన రూలు. అంత తేలిగ్గా అడ్వాంటేజ్ దొరికేచోట, ప్రాణానికి తెగించి అదే అడ్వాంటేజ్ తెచ్చుకునే శక్తికి విలువేముంటుంది? తప్పు బార్బేరియన్‌ది కాదమ్మా, ఆ రెండూ ఒకేచోట కలవడంలో ఉంది. ఫ్లాంకింగ్ వాడుతున్నామని చెప్పకుండా ఆ ఫిర్యాదు పంపితే చదివేవాళ్లు తప్పుదారి పడతారు.

"అందరూ ఇదే అంటున్నారు" అన్న వాక్యం కొట్టెయ్. మీ టేబుల్లో ఎంతమంది ఏమన్నారో రాయి. ఎక్కువ మాట్లాడని ఆటగాళ్లను ప్రత్యేకంగా అడుగు. కొత్తగా చేరినవాళ్లు ఉంటే వాళ్ల మొదటి సెషన్ అయిన వెంటనే అడుగు. బోనస్ యాక్షన్ అంటే ఏమిటో తెలియక ఎక్కడ ఆగిపోయారో, ఏ పేజీ కోసం వెతుక్కున్నారో వాళ్లే చెప్పగలరు. నాలాంటివాళ్లకు ఆ తడబాటు కనబడటం ఎప్పుడో మానేసింది. ఆటలోకి కొత్తవాళ్లు రావాలని నిజంగా కోరుకునేవాళ్లకు అంతకంటే విలువైన సమాచారం లేదని నా నమ్మకం.

ఇక డైస్ గురించి. యాప్‌లో డైస్ మోసం చేస్తోందని కోపంగా రాశావు. సాయంత్రమంతా ఇరవై ముఖాల డైస్‌ని ఇరవైసార్లు వేసినా ఒక్క 20 పడలేదన్నావు. లెక్క వేసి చూడు. ఒక్కసారి వేస్తే 20 పడకపోయే అవకాశం 95 శాతం. దాన్ని ఇరవైసార్లు హెచ్చవేస్తే దాదాపు 36 శాతం వస్తుంది. అంటే ఏ తప్పూ లేని డైస్‌తో కూడా మూడు సాయంత్రాల్లో ఒకటి అలాగే గడుస్తుంది. నిజంగా అనుమానం ఉంటే పడిన అంకెల లాగ్ దాచిపెట్టు. వెయ్యిసార్లు వేస్తే ఒక్కో అంకె సుమారు 50సార్లు పడాలి, కానీ 36 నుంచి 64 మధ్య ఎంత పడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇరవై అంకెల్లో ఒకటో రెండో ఆ హద్దు కొంచెం దాటినా మామూలే. బాగా దాటితే, ఆ లాగ్‌తో సహా పంపు, అప్పుడు ఎవరూ కొట్టిపారెయ్యలేరు.

అయితే నీ కోపాన్ని నేను పక్కన పెట్టట్లేదు. డైస్ మీద అపనమ్మకం ఉందంటే చాలాసార్లు దాని వెనక వేరే కారణం ఉంటుంది. అంకె తెర మీద మెరిసి మాయమవుతుంది, పక్కవాళ్లకు కనబడదు, ఏ మాడిఫయర్ కలిపారో తెలియదు. చేతిలో డైస్ ఉన్నప్పుడు అందరూ వంగి చూస్తారు కదా, ఆ చూడటం తెర మీద దొరకట్లేదు. అదే రాయి: "వేసిన ప్రతి డైస్, దానికి కలిసిన ప్రతి అంకె, అందరికీ కనబడే లాగ్‌లో నిలవాలి." ఇది చేయగలిగిన పని, వెంటనే అర్థమయ్యే పని.

ఆ యాప్ లాంటి టూల్‌లో తప్పు గురించి రాసేటప్పుడు ఒక ఫిర్యాదుకు ఒక ఉత్తరం. నువ్వు ఒకే పేరాలో ఐదు బగ్‌లు కుక్కావు. వాటిని చూసే మనుషులు వేరువేరు, ఐదింట్లో నాలుగు తప్పిపోతాయి. ఏ ఫోనో, ఏ బ్రౌజరో, యాప్ ఏ వెర్షనో చెప్పు. ఏ బటన్ నొక్కాక ఏం నొక్కావో వరసగా చెప్పు. ఏం జరగాలనుకున్నావు, ఏం జరిగింది, మళ్లీ చేస్తే మళ్లీ అలాగే అయిందా? స్క్రీన్‌షాట్ జతచెయ్యి, అందులో ఇతరుల పేర్లు ఉంటే చెరిపెయ్యి. ఇంతే.

కానీ బగ్ అని రాసేముందు రూలు ఇంకోసారి చదువు. లాంగ్ రెస్ట్ (పాత్ర తీసుకునే సుదీర్ఘ విశ్రాంతి) తర్వాత, గాయాలు మాన్పుకోవడానికి వాడే హిట్ డైస్ అన్నీ తిరిగి వచ్చేస్తున్నాయని, సగమే రావాలని రాశావు. 2014 రూల్స్‌లో సగమే. 2024 రూల్స్‌లో అన్నీ వస్తాయి. నీ పాత్ర వివరాలుండే షీట్ ఏ రూల్స్ మీద నడుస్తోందో ముందు చూసుకో. కొత్త రూల్స్ మీద నడుస్తుంటే అది సరిగ్గానే పనిచేస్తోంది. అప్పుడు నువ్వు రాయాల్సింది వేరే ఉంది: షీట్ ఏ ఎడిషన్‌దో పైన పెద్ద అక్షరాలతో కనబడాలని. నిజానికి అదే మంచి సూచన.

రూలు, టూలు ఇలా ముడిపడటం చిన్న విషయం కాదు. 2024 ఆగస్టులో, ఆ ఆట అధికారిక ఆన్‌లైన్ టూల్ డీ అండ్ డీ బియాండ్‌లో, క్యారెక్టర్ షీట్లలో ఉన్న పాత స్పెల్స్, మాయావస్తువుల స్థానంలో కొత్త రూల్స్‌వే కనబడతాయని ప్రకటించారు. పాతవే కావాలంటే ఎవరికి వాళ్లు హోమ్‌బ్రూగా, అంటే సొంత రూల్స్‌గా, తయారుచేసుకోవాలన్నారు. నెలల తరబడి నడుస్తున్న కథ మధ్యలో ఉన్నవాళ్లకు అది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించు. ఆటగాళ్లు గట్టిగా చెప్పారు, కొద్ది రోజుల్లోనే సంస్థ వెనక్కి తగ్గి పాతవి కూడా ఉంచింది. అంతకుముందు ఏడాది జనవరిలో ఆ ఆట రూల్స్ ఆధారంగా ఇతరులు పుస్తకాలు వేసుకోవడానికి ఇచ్చే అనుమతి పత్రం ఓపెన్ గేమ్ లైసెన్స్ మార్పుల మీద సర్వే పెడితే 15,000 మందికి పైగా జవాబులిచ్చారు. సర్వే గడువు పూర్తి కాకముందే ఆ మార్పులు మానుకుని, ప్రాథమిక రూల్స్‌ని ఎవరైనా వాడుకోగలిగే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. ఈ రెండుసార్లూ ఆటగాళ్లలో కోపం ఉంది. కోపంతో పాటు, ఏ షరతు ఎవరిని ఎలా దెబ్బతీస్తుందో వివరంగా చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. నీకూ కోపం వస్తే రానీ, దాని పక్కన ఆ వివరం ఉండాలి. ఎవరో ఒక డిజైనర్ పేరు పట్టుకుని తిట్టడం మాత్రం వద్దే వద్దు. ఆ ఉత్తరం అక్కడితో ఆగిపోతుంది, పైగా చదివే మనిషికి ఆ రోజంతా పాడవుతుంది.

నువ్వు రాయనిది ఒకటి నేను అడుగుతాను. చూపు సరిగా లేనివాళ్లు, రంగులు తేడా తెలియనివాళ్లు ఈ టూల్స్ ఎలా వాడతారు? మ్యాప్ మీద శత్రువుకు ఎర్ర వలయం, మిత్రుడికి పచ్చ వలయం పెట్టి వదిలేస్తే ఎరుపు పచ్చ తేడా తెలియనివాళ్లు ఎవరి మీద బాణం వేయాలి? రంగుతో పాటు ఒక గుర్తు కూడా పెడితే సరిపోతుంది. వెబ్ పేజీలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరానికీ వెనకున్న రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. పాత చర్మపత్రంలా కనబడాలని గోధుమరంగు మీద గోధుమరంగు అక్షరాలు వేసే షీట్లు ఎన్ని చూశానో! స్క్రీన్ రీడర్ చదవలేని బటన్లు కూడా ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ఇవి మీ టేబుల్ సమస్య కాకపోయినా గమనించి రాయి. మన పక్కన కూర్చోవాల్సిన మనిషి ఈ కారణంగా రాలేకపోవడం నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే విషయం.

చివర్లో నువ్వు సొంతంగా తయారుచేసిన సబ్‌క్లాస్ (ఒక క్లాసులోని ఉపరకం) జతచేశావు. బాగుంది, నిజంగా బాగుంది, కానీ దీనితో పంపకు. అడగకుండా పంపిన సొంత రచనలను చాలా సంస్థలు చదవనే చదవవు. రేపు అలాంటిదే వాళ్లు వేస్తే తగాదా వస్తుందని వాళ్ల భయం. దాన్ని హోమ్‌బ్రూగా పెట్టు, మీ టేబుల్లో ఆడించు.

నచ్చినవాటి గురించి కూడా రాయి. అడ్వాంటేజ్ నీకెంత ఇష్టమో నాకు తెలుసు. రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం, కూడికలు లేవు, కొత్తవాళ్లకు కూడా ఒక్కసారి చెబితే చాలు. అది నీ కాగితంలో ఎక్కడా లేదు. ఫిర్యాదులు మాత్రమే వెళ్తే, బాగున్నవాటిని ఎవరూ పట్టించుకోవట్లేదేమో అనిపించి వాటి మీద కూడా చెయ్యి వేస్తారు.

ఎప్పుడు పంపాలన్నదీ చూసుకో. పుస్తకం అచ్చుకు వెళ్లాక రూలు మార్చడం చాలా కష్టం, మహా అయితే ఎరాటా (తప్పుల సవరణ పట్టిక) వస్తుంది. కాబట్టి రూల్స్ మీద చెప్పాల్సింది ప్లేటెస్ట్ సర్వే తెరిచి ఉన్నప్పుడే చెప్పు. టూల్స్ మీద ఎప్పుడైనా చెప్పొచ్చు. పంపాక అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మార్పుల జాబితా చదువు. నువ్వు చెప్పింది సరిచేస్తే, ఆడి చూసి, సరిగ్గా అయిందో లేదో ఒక్క వాక్యం రాయి. చాలామంది ఆ వాక్యం రాయరు.

ఇప్పుడు రేంజర్ పేరా మళ్లీ రాయి. ఆ రోజు పోరు ఎన్ని రౌండ్లు సాగిందో మీ గేమ్ మాస్టర్‌ని అడుగు, ప్రతి రౌండ్లో నువ్వు ఏం చేశావో గుర్తున్నంత రాసుకో. బగ్‌లు విడివిడిగా పెట్టు. రాసినవి నాకు పంపితే వచ్చే వారం చూసి చెబుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ